కాగితం మీద జరిపిన మలుపు

ఉద్యోగంలో నేను రాసిన అబద్ధాలు చాలావరకు చిన్నవే. వాన పడని రోజు వాన పడిందని రాసి పని ఆలస్యానికి సాకు చూపించడం, చూడని కల్వర్టును చూశానని సంతకం పెట్టడం లాంటివి. ఇంజనీరు ఉద్యోగంలో వాటిని ఎవరూ అబద్ధాలనరు, సర్దుబాట్లంటారు. వాటిలో ఒకటి మాత్రం ఆరువందల మీటర్ల పొడవుంది. రాసిన రోజు దాన్ని చూసుకుని నేను తెగ మురిసిపోయాను.

అప్పుడు పుంగనూరులో పనిచేస్తున్నాను. మదనపల్లెలో మా ఇంటి నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. మండలంలోని పల్లె రోడ్లు నా బాధ్యత. పుంగనూరు నుంచి మదనపల్లె వైపు పెద్ద రోడ్డు కాకుండా ఊళ్ల మీదుగా పోయే రోడ్డు ఒకటుంది. టమోటా కోతల కాలంలో మార్కెట్టుకు పదిమంది కంటే ముందు చేరాలనుకునే టెంపోలన్నీ ఆ రోడ్డే పడతాయి. ఒకచోట అది దిగుతూ దిగుతూ ఉన్నట్టుండి కుడికి తిరుగుతుంది. ఎడమ పక్కన రెండు నిలువుల లోతు. ఆ లోతులో ఒక రేకుల షెడ్డు. మలుపు అంచున ఎవరి హయాంలోనో పాతిన ఇనప పట్టీలు ఉండేవి. ఆఫీసులో వాటిని క్రాష్ బ్యారియర్ అంటాం. నేను చేరేసరికి వాటిలో సగం వంగిపోయి ఉన్నాయి. రెండు స్తంభాలు పునాదితో సహా పైకి లేచి పక్కకు ఒరిగాయి. బోల్టులు ఎవరి ట్రాక్టరుకు చేరాయో ఎవరికీ తెలియదు.

కొన్ని బోల్టులు ఎక్కడికి చేరాయో మాత్రం నాకు తెలిసింది. ఒకరోజు ఆఫీసుకు ఒకావిడ వచ్చింది. నాకంటే పదేళ్లు పెద్దదై ఉంటుంది. చీర కొంగులో మూటగట్టుకొచ్చిన మూడు బోల్టులను నా బల్ల మీద పెట్టింది.

"ఇవి నా షెడ్డు రేకుల మీద పడినాయమ్మా. బండ్లు పైన పట్టీకి రాసుకుంటా పోతాండాయి. ఈసారి పడేది బోల్టు కాదు, బండే," అంది.

ఆ షెడ్డు ఆమెదే. అందులో పట్టుపురుగులు పెంచుతుంది. ముందు పక్క ఒక గదిలో కాపురం. భర్త బెంగళూరులో కట్టుబడి పనికి పోయి నెలకోసారి వస్తాడు. మరుసటి రోజే వెళ్లి చూశాను. వాకిట్లో సున్నం, బ్లీచింగు కలిపిన గోనెసంచి మీద కాళ్లు తుడుచుకుంటేగాని లోపలికి రానివ్వలేదు. తట్టల్లో పురుగులు తలలు పైకెత్తి కదలకుండా ఉన్నాయి. మేత మాని అలా ఉండిపోయే రోజుల్ని అక్కడ జ్వరం అంటారు. అవి లేచాక రోజుకు నాలుగైదు సార్లు ఆకు వేయాలి. ఎటు తిరిగినా రోడ్డు పక్క గోడను ఆనుకునే పని.

"పైన బండి గేరు మార్చిన సప్పుడు వింటే సాలు, సేతిలో ఆకు ఆగిపోతాది. బండి పోయినాక మళ్లా ఏస్తాను. ఇంగో సోటికి పోదామంటే మాకుండేది ఈ జానెడు బూమే," అంది. భయపడుతున్నట్టు కాకుండా, పనికి అడ్డం వచ్చే విషయం చెప్పినట్టే చెప్పింది. నాకు మాత్రం భయం వేసింది. ఆ గోడ మీద చెయ్యి పెడితే పైన పోయే ప్రతి బండీ అరచేతికి తెలుస్తోంది.

ఇక నిధుల సంగతి. రోడ్డు కొత్తగా వేయడానికి మనవాళ్ల దగ్గర ఎప్పుడూ ఏదో ఒక పథకం ఉంటుంది. వేసినదాన్ని చూసుకోవడానికి ఏ పథకమూ ఉండదు. బోల్టు బిగించడానికి శిలాఫలకం వేయలేరు కదా. మిగిలింది మండల పరిషత్తు సాధారణ నిధి. దాన్ని మా సభలో పంచుకునే పద్ధతి ఒకటుంది. ఏ రూలు పుస్తకంలోనూ లేదు కానీ రూలు కంటే గట్టిది. వచ్చినదాన్ని సభ్యులందరికీ సమానంగా భాగాలు వేస్తారు. ఎవరి భాగం వాళ్ల ఊళ్లోనే ఖర్చు కావాలి. పక్క ఊరికి ఒక్క తట్ట మట్టి వేయించినా సొంత ఊళ్లో తలెత్తుకోలేరు.

ఆ మలుపేమో సరిగ్గా రెండు ఊళ్ల పొలిమేర మీద పడింది. పొలిమేర రాయి మలుపు మధ్యలో, వంగిన పట్టీకి ఆనుకునే ఉంది. పై ఊరి సభ్యుడు, బండ్లు పడేది కింది ఊళ్లో కాబట్టి అది కింది ఊరి పని అన్నాడు. కింది ఊరి సభ్యుడు, బండ్లు వచ్చేది పై ఊరి నుంచి కాబట్టి అది పై ఊరి పని అన్నాడు. మూడు సమావేశాలు ఇదే పాట. మూడోసారి నాకు ఒళ్లు మండి, బండి గాల్లో ఉన్నప్పుడు ఏ ఊరిదో కూడా తేల్చేయండి అన్నాను. అందరూ నవ్వారు. టీలు వచ్చాయి. సమావేశం ముగిసింది.

అప్పుడు నాకు తెలివి పుట్టింది. ఏ రోడ్డు పనికైనా అది ఎక్కడ జరగాలో రోడ్డు మొదటి నుంచి దూరం కొలిచి ఒక అంకె రాస్తాం. మలుపు అంకెను ఆరువందల మీటర్లు కిందికి జరిపి రాస్తే, కాగితం మీద మలుపు మొత్తం కింది ఊళ్లో పడుతుంది. పొలిమేర గొడవ ఉండదు. పని మొదలుపెట్టే రోజు ముగ్గు పోసి చోటు చూపించేది ఎలాగూ ఇంజనీరే. నేనే నిలబడి అసలు మలుపు చూపిస్తాను. అంకె కోసం టేపు పట్టుకుని వచ్చేవాడెవడు?

కింది ఊరి సభ్యుడితో విడిగా మాట్లాడాను. మంచివాడే, కాకపోతే ఊళ్లో మాట పడకుండా చూసుకునే రకం.

"మా ఊరి పని అని కాగితంలో ఉంటే సాలమ్మా. నన్నెవరూ అడగరు. నువ్వు రాయమ్మా, నేను సేయెత్తుతా," అన్నాడు.

అంచనా రాశాను. ఉన్న కాస్త భాగంలోనే పని అయిపోవాలని అందులో ఇంకో తెలివి చూపించాను. పాత పట్టీలను విప్పి, పనికొచ్చేవాటిని సాపు చేసి, కొన్ని కొత్త పట్టీలు చేర్చి మళ్లీ బిగించాలని పెట్టాను. సభలో చేతులు లేచాయి. పని మంజూరైంది. ఆ సాయంత్రం బస్సెక్కకుండా నేరుగా షెడ్డు దగ్గరికి పోయి చెప్పాను. ఆమె నా చేతులు పట్టుకుని, "సల్లగా ఉండమ్మా," అంది. మదనపల్లె చేరేదాకా నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను.

నెల తిరక్కుండానే బదిలీల ఉత్తర్వులొచ్చాయి. నన్ను కుప్పం వేశారు. రెండు రోజుల్లో చేరమన్నారు. నా స్థానంలో రావలసినాయన ఇంకా రాలేదు. బాధ్యతలు అప్పగించే కాగితంలో, ఫలానా అంకె అబద్ధం, అసలు మలుపు ఇక్కడ అని రాయలేను కదా. ఫోనులో చెబుదామనుకున్నాను. రెండుసార్లు చేశాను, ఆయన ఎత్తలేదు. కుప్పంలో అద్దె గది వెతుక్కోవడం, కొత్త ఆఫీసు, తమిళమూ కన్నడమూ కలిపి మాట్లాడే మేస్త్రీలు, వాళ్లు మాట్లాడేది అర్థమయ్యేదాకా నా తంటాలు. ఆ గొడవలో పడి మరచిపోయాను. ఇంతకంటే గొప్ప కారణం ఏదైనా ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. లేదు, మరచిపోయాను.

ఆరు నెలల తర్వాత గుర్తొచ్చింది. కుప్పం దగ్గర గ్రానైటు లారీలు తిరిగే రోడ్డు మీద ఒక కల్వర్టు పక్కన ఇలాంటి పట్టీలే వేయిస్తున్నాం. ముగ్గు సంచి పట్టుకున్న మనిషి నా వైపు తిరిగి, "యాడ పోయమంటారు మేడం," అని అడిగాడు. చెయ్యి చూపించబోయి ఆగిపోయాను. పుంగనూరుకు ఫోను చేస్తే, ఆ పనా, ఎప్పుడో అయిపోయింది మేడం, ఫొటోలు కూడా ఎక్కించేశాం అన్నారు.

ఆ ఆదివారం చర్చి మానుకుని ఆ ఊరు పోయాను. ఆటో దిగకముందే పట్టీలు కనిపించాయి. తళతళ మెరుస్తూ, నిటారుగా, అంగుళం వంకర లేకుండా వేశారు. నా అంకె ఎక్కడ చెప్పిందో సరిగ్గా అక్కడ. అక్కడ రోడ్డు తిన్నగా ఉంటుంది. పక్కన లోతు లేదు, కింది ఊరి సభ్యుడి వేరుశనగ చేను ఉంది. పట్టీల మీద ఎవరో చీరలు ఆరేశారు.

ఆటోను ముందుకు పోనిమ్మన్నాను. మలుపు బోడిగా ఉంది. వంగినవో, ఒరిగినవో, అక్కడ ఉండిన పాత పట్టీలు కూడా లేవు. స్తంభాలు పీకిన గుంతల్లో గడ్డి మొలిచింది. ఏం జరిగిందో అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. పాత పట్టీలు విప్పి మళ్లీ వాడమని నేనే రాశాను. పనివాళ్లు కాగితంలో చెప్పిన చోటికి పోతే అక్కడ పాతవి లేవు. రోడ్డు వెంబడి వెతుక్కుంటూ వచ్చి, మలుపు దగ్గర దొరికినవి విప్పుకుని పోయారు. నా మొదటి తెలివి కొత్త పట్టీలు రాకుండా చేస్తే, రెండో తెలివి ఉన్నవాటిని ఊడదీసింది.

షెడ్డు దగ్గరికి దిగాను. నన్ను చూసి ఆమె గబగబా గోనెసంచి మీద నీళ్లు చల్లింది.

"వచ్చినావా అమ్మా. ఎప్పుడేస్తారమ్మా కొత్తవి? పాతవి తీసుకపొయ్యి శానా దినాలాయె. ఇప్పినప్పుడు నేనే దగ్గరుండి ఇప్పించినా. ఒక బోల్టు రాకపోతే గొడ్డలి కూడా నేనే ఇచ్చినా. మజ్జిగ చేసి పోసినా. మేడం చెప్పిన పని కదా అని," అంది.

నిజం చెప్పేశాను. అంకె జరిపిన సంగతి, ఎందుకు జరిపానో, ఎలా మరచిపోయానో అంతా చెప్పాను. ఆమె చివరికి, "అట్లయితే ఇంగ రావా?" అని మాత్రం అడిగింది. తెప్పిస్తానన్నాను. తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. ఆమె ఆకు తరగడానికి కూర్చుంది.

అట్నుంచి అటే సభ్యుడి ఇంటికి పోయాను. పట్టీలను విప్పి మలుపుకు తరలిద్దామని, కూలి ఖర్చు నేను పెట్టుకుంటానని అడిగాను. ఆయన కుర్చీ వేయించి కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు.

"మా ఊరి పని అని రాసింది నువ్వే కదమ్మా. ఊరంతా సూసినారు. ఇప్పుడు పీకి పొలిమేర మీద పెడితే, పక్కూరోళ్లకి అమ్ముడుపోయినాడంటారు. నేను మళ్లా నిలబడాల్నా వద్దా?"

నేను రాసిందే నాకు చదివి వినిపించాడు.

మిగిలింది పై ఆఫీసు. అక్కడ నా పాత పెద్దసారు ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా ఎవరి మీదా కేసు పడకుండా కాపాడుకుంటూ వచ్చిన మనిషి. అంకె తప్పు రాశానని రాసి ఇస్తాను, పట్టీలు మార్పించండి అన్నాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"రాసి ఇస్తే ఏమవుతాదో తెలుసునా అమ్మా? నిన్ను పక్కన పెడతారు. విచారణేస్తారు. అది తేలేదాకా ఆ పట్టీని ఎవురూ ముట్టుకునేదానికి లేదు, సాక్ష్యం కదా. కొత్తది అడుగుదామా అంటే, కాగితాల ప్రకారం ఆ మలుపుకు ఇప్పుడే ఏసినాం. నువ్వు పోతావు, పట్టీ రాదు. వచ్చే ఏడు నిధులొచ్చినప్పుడు ఇంగో పేరు పెట్టి చూద్దాం. అందాకా ఊరికే ఉండు."

ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ కనిపించలేదు. అసలు తప్పు వెతకాలని నాకు లేదు. ఊరికే ఉండు అన్న మాట చెవిన పడగానే ఎంత హాయిగా అనిపించిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తప్పు ఒప్పుకుంటూ ముందే రాసుకుపోయిన లెటరు బ్యాగులోనే ఉండిపోయింది. దాన్ని తీసి ఇచ్చే రోజు రేపు అవుతుందని నాకు నేను చాలా వారాలు చెప్పుకున్నాను.

ఊరికే ఉండనిది ఆమె. మలుపు అంచున పెద్ద పెద్ద రాళ్లు దొర్లించి వరసగా పెట్టించిందట. పురుగుల తట్టలు కడగడానికి తెచ్చుకున్న సున్నం వాటికి పూసిందట. ఫోనులో చెప్పింది. "దూరానికి తెల్లగా కనపడతాండాయమ్మా. డ్రైవర్లు కొంచిం సూసుకొని తిప్పుతాండారు," అంది. నేను బాగుందక్కా అన్నాను. ఇంజనీరునైన నేను, సున్నం పూసిన రాళ్లను.

మొన్నటి టమోటా కోతల్లో పడింది. పొద్దున ఎనిమిదింటికి ఫోను వచ్చింది. నేను కుప్పంలో ఆఫీసుకు తయారవుతున్నాను.

"బండి పడిందమ్మా," అంది ఆమె. గొంతు మామూలుగానే ఉంది. "నాకేం కాలేదు. తట్టలు కడిగేదానికి కొళాయి కాడికి పొయ్యుంటి. డ్రైవరుకు కాలు ఇరిగింది, మదనపల్లె ఆసుపత్రికి ఎత్తుకపోయినారు. గోడ పోయింది. పురుగు అంతా పోయింది. ఇంగ రెండు దినాలైతే పట్టుగూళ్లు కట్టుండేవి."

రాళ్ల సంగతి నేను అడగలేదు, ఆమే చెప్పింది. రాళ్లు కూడా బండితో పాటే షెడ్డు మీద పడ్డాయి.

నేను సెలవు పెట్టి బయల్దేరాను. పలమనేరు దాటాక బస్సులో ఉండగానే మళ్లీ ఫోను మోగింది. ఈసారి వెనకాల మగవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. ఆమె కొంచెం పక్కకు జరిగినట్టుంది, గొంతు తగ్గించింది.

"అమ్మా, ఆఫీసోళ్లు వచ్చుండారు. ఏందో రాసి నన్ను సంతకం పెట్టమంటాండారు. సదివిచ్చుకుంటి. మలుపు కాడ ఇనప పట్టీ ఉన్నిందంట, బండి జోరుగా వచ్చి దాన్ని దాటుకొని పడిందంట. ఈడ యాడుండాది పట్టీ అని అడిగినా. కాగితాల్లో ఉండాది కదా అంటాండారు."

నేను వింటున్నాను.

"లేదని రాస్తే ఎందుకు లేదని విచారణొస్తాదంట. మొదట పట్టుకునేది నిన్నేనంట. ఉన్నిందని నేను సంతకం పెడితే నీకేమీ కాదంట. నిజమేనా అమ్మా? పెట్టేదా?"

బస్సు ఏదో ఊళ్లో ఆగింది. జనం ఎక్కుతున్నారు. పట్టీ లేదని ఆమె చెబితే ఆ షెడ్డుకు పరిహారమో, ఏదో ఒక దారో దొరకొచ్చు. ఉందని చెబితే తప్పంతా కాలు విరిగిన డ్రైవరుదే అవుతుంది, ఆ మలుపుకు ఇంకెప్పటికీ పట్టీ రాదు. ఇదంతా నాకు ఒక్క క్షణంలో తెలిసింది. నోట్లోంచి రావలసింది ఒకే మాట. నా బ్యాగులో ఆ లెటరు ఉంది. నాకు ఇంకా పదిహేనేళ్ల సర్వీసు ఉంది. కండక్టరు రైట్ అన్నాడు, బస్సు కదిలింది.

"అక్కా," అన్నాను చివరికి.

"పెట్టేసినాలేమ్మా," అంది ఆమె. "నువ్వు పలకలేదు కదా. నోటితో చెప్పలేక గమ్మునుండావనుకున్నా. నువ్వు బాధ పడొద్దు. ఆ పొద్దు ఎవురూ రానప్పుడు నువ్వొక్కదానివే వచ్చినావు."

ఆ తర్వాత చాలాసార్లు ఆమెను కలిశాను. వద్దనే చెప్పబోయానని ఆమెతో ఇంతవరకు అనలేదు. చెప్పబోయానో లేదో నాకే తెలియదు.